ఎర్తు కడ్డీకి బిందెడు నీళ్లు

ఆ ఉదయం ఉరవకొండ దగ్గర మా మామ ఇంటి ముందు ఉన్నవి ఇవి: సీట్లు పీకేసిన పాత స్కూలు వ్యాను ఒకటి. అందులో మంచం, గ్యాసు పొయ్యి, ఫ్యాను, రెండు బల్బులు, రెండు బ్యాటరీలు, ఒక ఇన్వర్టర్. మంచం పక్కన, గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్. వ్యాను బయట నేలలో దిగ్గొట్టిన మూడడుగుల ఇనుప కడ్డీ, దాని నుంచి వ్యాను బాడీకి కట్టిన ఆకుపచ్చ తీగ, పక్కన ఒక ప్లాస్టిక్ బిందె. మనుషులు నలుగురం: బస్సు డ్రైవరుగా రిటైరైన మామ, అత్త, ఊళ్లో బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్, నేను. నా చేతిలో మల్టీమీటరు ఉంది. మెకానిక్ జేబులో టెస్టర్ ఉంది. మొదటి గంటసేపు ఎవరి పరికరాన్ని వాళ్లం నమ్మాం.

అత్తకు ఊపిరితిత్తుల జబ్బు. రోజుకు పదహారు గంటలు ఆ మిషన్ గొట్టం ముక్కుకు ఉండాలని డాక్టరు చెప్పాడు. మిగిలిన ఎనిమిది గంటలను ఒకేసారి వాడుకోవడానికి లేదు. రెండు గంటలు దాటితే ఆయాసం మొదలవుతుంది. కాబట్టి రెండేళ్లుగా ఆమె ప్లగ్గు ఉన్న గోడకు దూరంగా ఎక్కడికీ పోలేదు. ఆమె చెల్లెలు తనకల్లు దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. ఆ చెల్లెలికి రెండు పాడి ఆవులున్నాయి, వాటిని పితికే ఇంకో మనిషి లేడు, అందుకని ఆమె రాదు. ఫోనులో మాట్లాడుకోవచ్చు కదా అని అందరూ అంటారు. చెల్లెలికి చెవులు సరిగా వినిపించవు. అత్తకు గట్టిగా మాట్లాడే ఊపిరి లేదు. వాళ్ల ఫోను సంభాషణ ఒకటి నేను పక్కనుండి విన్నాను. చెల్లెలు పదకొండుసార్లు "ఆఁ?" అంది. తర్వాత ఫోను పెట్టేశారు.

దీనికి మామ కనుక్కున్న ఉపాయం ఆ వ్యాను. మంచంతో సహా, మిషన్‌తో సహా అత్తను తనకల్లుకు తీసుకుపోతాడు. అక్కడ కరెంటు ఉన్నా లేకపోయినా ఇన్వర్టర్ ఉంటుంది. వ్యాను పని నెల రోజుల కిందటే పూర్తయింది. బయలుదేరలేదు.

కారణం ఇది. ఇంటి కరెంటు తీగను వ్యానుకు తగిలిస్తే మిషన్ నడుస్తుంది. ఆ తీగ పీకి ఇన్వర్టర్ వేస్తే బల్బులు వెలుగుతాయి, ఫ్యాను తిరుగుతుంది, మిషన్ మాత్రం కదలదు. మామ ఇన్వర్టర్‌ను కొన్న షాపుకు రెండుసార్లు మోసుకుపోయాడు. రెండుసార్లూ వాళ్లు దానికి గ్రైండరు తగిలించి తిప్పి చూపించారు. చివరకు నన్ను పిలిచాడు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను, సోలార్ ప్లాంటులో ఉద్యోగం.

"ఏమప్పా ఇంజనీరూ, నాలుగేండ్లు సదివినావు కదా. ఇది యాడ సచ్చిందో చెప్పు" అన్నాడు మామ.

"ఇన్వర్టర్ సన్నదన్నా, మిషన్‌కు చాలదు" అన్నాడు మెకానిక్, నేను నోరు తెరవక ముందే. "గ్రైండరు తిప్పేది వేరే, మనిషికి గాలి ఇచ్చేది వేరే."

నేను కొలిచి కాగితం మీద రాసుకున్నాను. బ్యాటరీ దగ్గర 12.7 వోల్టులు. ఇన్వర్టర్ నోటి దగ్గర 229. బల్బు దగ్గర 229. మిషన్ సాకెట్ దగ్గర 114. ఇళ్లకు రావాల్సింది 230; నూట పద్నాలుగు వోల్టులు మన దేశంలో ఎవరికీ ఇచ్చేది కాదు. మెకానిక్ అదే సాకెట్‌లో టెస్టర్ పెట్టాడు.

"ఎర్రగా వెలగతాండాది సూడు. కరెంటు ఉండాది. నీ మీటరే పొద్దున ఏమీ తిన్నట్టు లేదు."

మిషన్ స్విచ్ వేయమన్నాను. 114 కాస్తా 2 అయింది. మీటరు లాంటి తేలికపాటి దానికి వోల్టేజీ కనిపిస్తోంది, నిజంగా పని అడిగితే మాయమవుతోంది. అంటే తీగ ఎక్కడో తెగి ఉండాలి. కానీ తీగ తెగి ఉంటే ఇంటి కరెంటు మీద మిషన్ ఎలా నడుస్తుంది?

నడుస్తుందని చూపించడానికి మామ ఇంటి తీగ తగిలించాడు. నడిచింది. ఐదు నిమిషాల తర్వాత మిషన్ కీచుమని అరిచింది, వోల్టేజీ తగ్గిందని దాని గుర్తు. మామ లేచాడు, బిందె ఎత్తాడు, కడ్డీ మొదట్లో సగం బిందె నీళ్లు పోశాడు. అరుపు ఆగింది. వచ్చి కూర్చున్నాడు. వారానికి రెండు ట్యాంకర్లు వచ్చే ఊరు అది. అయినా ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"మామా, ఆ నీళ్లు ఎందుకు?"

"ఎర్తుకప్పా. మోటరుకు పోయమా? ఇదీ మోటరే కదా."

ఎర్తు తీగలో మామూలుగా కరెంటు పారకూడదు. ఏదైనా చెడినప్పుడు మాత్రమే దానికి పని. కడ్డీ తడిస్తే మిషన్ బాగుపడుతోందంటే, మిషన్ కరెంటు మొత్తం ఆ కడ్డీ గుండానే పోతోందని అర్థం. ఇంటి తీగ పీకించి, నేను స్క్రూడ్రైవర్ తీసి సాకెట్ విప్పాను. ఒక వైపు ఎర్ర తీగ, అది ఇన్వర్టర్ నుంచి వచ్చిన ఫేజు, సరిగానే ఉంది. రెండో వైపు నల్ల తీగ న్యూట్రల్‌గా వెనక్కి ఇన్వర్టర్‌కు పోవాలి. అది జానెడు పోయి వ్యాను ఇనుప బాడీకి బోల్టుతో బిగించి ఉంది, అక్కడి నుంచి ఆకుపచ్చ తీగ మీదుగా కడ్డీకి.

మా వైపు చేలల్లో ఇది వింత కాదు. రెండో తీగ లేనప్పుడు ఫేజు ఒకటి లాగి, రెండో దాని బదులు నేలలో కడ్డీ కొడతారు, నీళ్లు పోస్తారు, షెడ్డులో బల్బు వెలుగుతుంది. కరెంటు నేలలో నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుకుంటుంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఒక తీగ నేలలో ఉంటుంది.

"వైరు కట్ట అయిపోయిండె" అన్నాడు మెకానిక్, వ్యానుకు వైరింగు చేసింది అతనే. "ఫ్యానుకూ బల్బులకూ సరిపోయె. మిషన్‌కు తక్కువ పడె. ఎర్తు కొట్టినా. ఏం, యాడైనా భూమి భూమే కదా?"

"ఇన్వర్టర్‌కు భూమితో సంబంధం లేదన్నా. దాని నుంచి పోయిన కరెంటు దాని దగ్గరికే తిరిగి రావాలి. నేలలోకి పోతే దారి లేదు."

అతను ఇన్వర్టర్ వైపు చూపించాడు. "అయితే దీని న్యూట్రల్‌నూ బాడీకి కట్టేద్దాం. అయిపాయ కదా."

అది పనిచేస్తుంది. ఆ మాట నేను ఒప్పుకున్నాను. కానీ అప్పుడు కూడా మిషన్ కరెంటు వ్యాను ఇనుము మీదుగానే పారుతుంది, ఎక్కడో ఒక బోల్టు వదులైతే ఆ ఇనుమే షాక్ కొడుతుందని చెప్పాను.

"మూడు వందల షెడ్లకు ఇట్లనే చేసినానప్పా. మనుషులెవరూ పోలేదు."

"మనుషులు పోలేదా?"

"ఒక పాడి ఎనుము."

ఇంతసేపూ గడప మీద కూర్చున్న అత్త అప్పుడు మాట్లాడింది. ఆమె ఒక వాక్యాన్ని రెండు ముక్కలుగా చెబుతుంది. "ఆ బండి మెట్టు ఎక్కేటప్పుడు కాలు చిమచిమ అంటాదని..." ఊపిరి తీసుకుంది. "...నెల నుంచి చెప్తాండా. ఈయన షుగరంటాడు."

మామ మెట్టు వైపు చూశాడు. సాకెట్ బిగించి ఇంటి తీగ మళ్లీ తగిలించి, మిషన్ నడుస్తుండగా నేను మెట్టుకూ, కొంచెం దూరంలో నేలకు గుచ్చిన మేకుకూ మధ్య మీటరు పెట్టాను. ముప్పై ఒక్క వోల్టులు. సగం బిందె నీళ్లు పోసిన తర్వాత ఉన్న లెక్క అది, నేల ఎండితే ఇంకా పెరుగుతుంది. మామ లేచి ఇంటి తీగ పీకేశాడు. మెకానిక్‌తో ఒకే మాట అన్నాడు.

"పోయి వైరు తేపో."

అతను తెచ్చాడు, నల్లది, ఐదు మీటర్లు. సాకెట్ నుంచి ఇన్వర్టర్ దాకా తానే లాగాడు. నేను లాగుతానంటే ఇవ్వలేదు. బాడీకి బిగించిన బోల్టు విప్పి జేబులో వేసుకున్నాడు. ఇన్వర్టర్ వేశాం. సాకెట్ దగ్గర 229. మిషన్ వేస్తే 226. నడిచింది. పది నిమిషాలైనా అరవలేదు. మామ మాత్రం అలవాటు కొద్దీ బిందె ఎత్తాడు.

"ఆ నీళ్లు ఆడ పెట్టు" అంది అత్త. "స్నానం చేసుకోవల్ల. రేపు పోతాండాం."

మరుసటి రోజు పొద్దున్నే బయలుదేరి, అనంతపురం, కదిరి దాటి పదకొండుకు చేరాం. దారిలో మిషన్ నడిచినా, వ్యాను ఇంజను బ్యాటరీలను నింపుతూనే వచ్చింది. ఆ పల్లెలో ఆ పూట కరెంటు లేదు. చెల్లెలు పేడ చేతులు కడుక్కుని వ్యాను ఎక్కింది, మంచం మీద కూర్చుని తన మంచి చెవిని అక్క నోటి దగ్గర పెట్టింది. తలుపు దగ్గరకు వేసుకున్నారు. మామ, నేను బయట వ్యాను నీడలో కూర్చున్నాం. నీడ జరిగినప్పుడల్లా జరిగాం. పూర్తి ఛార్జీ మీద మిషన్ ఐదు గంటలు నడవాలని నా లెక్క. మామ అరగంటకోసారి "ఎంతుండాది?" అని అడిగేవాడు. నేను కిటికీ లోంచి చూసి చెప్పేవాణ్ని.

"ఏం మాట్లాడుకుంటాండారు?" అని కూడా ఒకసారి అడిగాడు.

"వినపడడం లేదు మామా. అత్త మెల్లగా మాట్లాడుతోంది."

ఆవుల పాలు పితికే వేళకు చెల్లెలు దిగింది. మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు. వాళ్లు మాట్లాడుకున్నది నాలుగు గంటల పది నిమిషాలు.