ఎవరయ్యా, ఏ ఇంటివాళ్లు?

మేట్టుపాళయం చెన్నకేశవన్‌కు ఒకే ఒక్క పిచ్చి. గడప తొక్కినవాళ్లెవరైనా పేరు, ఇంటిపేరు, వచ్చిన పని గట్టిగా చెప్పాలి. దేవుడే దిగివచ్చినా ఇంటిపేరు చెప్పుకోవాల్సిందే.

పాలు పోసే మునిసామి ఇరవై ఏండ్లుగా వస్తున్నాడు. "ఎవరయ్యా?" అంటాడు పెద్దాయన. "మునిసామిని. పాలు తెచ్చినాను." చేతిలో పాలక్యాను కనబడుతూనే ఉంటుంది, అయినా చెప్పాలి.

సొంత తమ్ముడు చెల్లప్పకు ఒకసారి ఒళ్లు మండింది. "నీ తోడబుట్టినోణ్ణి" అన్నాడు.

"సరి. పేరు?"

"చెల్లప్ప!"

ఉయ్యాలబల్ల మీదున్న వదిన తంగమ్మ మాత్రం "రా చెల్లప్పా, కాఫీ తాగుదువు" అని ఆదరంగా పిలిచింది.

కోడలు మాలినికి బెంగ పట్టుకుంది. నలభై ఏండ్లు వక్కల మండీ నడిపి, ఏ తోటలో ఎన్ని చెట్లో నిద్రలో లేపినా చెప్పే మనిషి, రోజూ తనను పట్టుకొని "ఎవరమ్మా?" అంటే ఏమనుకోవాలి? "వయసైతే అంతేలే" అన్నాడు భర్త అశోక్‌కుమార్. "కాదు, ఇది మరపు జబ్బు. ముదరకముందే చూపించాలి" అని పట్టుబట్టింది.

అడిగిందే తడవు మామ బయల్దేరాడు. "కోయంబత్తూరులో నాకు తెలిసిన డాక్టరమ్మ ఉండాది. మీ అత్తనూ తీసుకుపోదాం."

డాక్టరమ్మ మామ వంక చూడనే లేదు. "రండి తంగమ్మా, మాత్రలు వేళకు వేసుకుంటున్నారా?" అని అత్త చెయ్యి పట్టుకుంది. మాలిని మామ వెంట బయటికి వచ్చింది.

బయట బెంచీ మీద మామ మెల్లగా చెప్పాడు. "ఏడాదిన్నర అయింది. నెలనెలా పేరూరు గుడికని చెప్పి ఇక్కడికే తెస్తున్నా. పెండ్లిళ్లలో వందమందిని పేరుపెట్టి పిలిచిన మనిషి, ఎవరన్నా వస్తే పేరు తెలీక వంటింట్లో దాక్కునేది. నేనడిగితే వాళ్లు చెబుతారు, మీ అత్త వింటుంది. ఊరు నన్ను చూసి నవ్వితే నా సొమ్మేం పోయింది?"

"మాకైనా చెప్పకూడదా మామా?"

"మీరు జాలిగా చూస్తారు. పేర్లు పోయినాయిగానీ, జాలిచూపు ఇట్టే పసిగడుతుంది. ఇకమీదట నా ఒక్కడివల్లా కాదులే, అందుకే పిలవంగానే వచ్చినా."

ఇంతకాలం ఆయన్ని విసుక్కున్నందుకు మాలినికి సిగ్గేసింది. ఇలాంటి ఇంట పడ్డందుకు ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది.

తిరుగు బస్సులో తంగమ్మ కోడలి చెవిలో గుసగుసలాడింది. "అమ్మాయీ, డాక్టరమ్మ ఏమనింది? మీ మామకు ఈమధ్య మరీ మరపు. పాపం, వచ్చినోళ్లనంతా నేనే పేరుపెట్టి పలకరించాల్సి వస్తాది. నేనుండబట్టి సరిపోయింది."

ముందు సీట్లోంచి చెన్నకేశవన్ తల తిప్పి, అవునన్నట్టు ఊపాడు.

"ఆమా తంగం, నువ్వుండబట్టే."