సోనీబాయి ఏడుపు మీద కాపీరైట్

2022లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లంబాడీ వార్తల యూట్యూబ్ చానల్‌కి నేను వీడియో ఎడిటర్‌ని. కింది అంతస్తులో కోచింగ్ సెంటర్ మైకు, పైన మేము. రిపోర్టర్, యాంకర్, ఓనర్ అన్నీ అనితక్కే, నల్లగొండ వైపు తండా మనిషి. నాకు ఆమె భాష రాదు, ఆమెకు ఎడిటింగ్ రాదు. గొడవలు తక్కువ.

ఆ వానాకాలం వాళ్ల తండా భూముల్లో క్వారీకి గ్రామసభ పెట్టారు. ఎల్బీనగర్‌లో ఆటోలు నడిపే తండా కుర్రాళ్లు వెళ్లి వద్దంటేనే ఆగేది. వాళ్లను కదిలించడానికి అక్క తన పెద్దమ్మ సోనీబాయి దగ్గరికెళ్లి వీడియో తీసుకొచ్చింది. లంబాడీ ఆడవాళ్లు చాన్నాళ్లకు కలిసిన చుట్టం మెడ చుట్టూ చేతులేసి, రాగం తీసి ఏడుస్తూ కష్టాలన్నీ చెబుతారు. ఈ ఏడుపు పాటను 'ఢావ్‌లో' అంటారు. సోనీబాయి అలాగే అక్కను పట్టుకుని, పోతున్న చేను గురించి చెప్పుకుంది. భాష రాని నేను కూడా మధ్యలో హెడ్‌ఫోన్స్ తీసేసి టీకి వెళ్లాను.

అప్‌లోడ్ చేసిన గంటకే వీడియో మూగబోయింది.

"ఏంది తమ్మీ, సౌండ్ పోయింది?"

"కాపీరైట్ క్లెయిమ్ అక్కా."

అంటే ఈ పాట మాదని ఎవరో ముందే నమోదు చేసుకోవడం. మనుషులెవరూ వినరు, యంత్రమే రాగాలు పోల్చి నోరు మూసేస్తుంది. ఏదో మ్యూజిక్ కంపెనీ ఢావ్‌లోకు కీబోర్డు కలిపి ఆల్బమ్ చేసిందట.

"మా పెద్దమ్మ ఏడుపు గాళ్లదా?"

"రాగం వరకే. కన్నీళ్లు మీవే."

ఆమె నవ్వలేదు. "గాళ్లకు జర మంచిగ రాయి."

రాశాను. నెలలోపు జవాబిస్తామన్నారు. గ్రామసభేమో సోమవారం.

"పోనీ, రాగం లేకుండా మామూలుగా చెప్పమనండి అక్కా."

పెద్దమ్మకు ఫోన్ చేసి, కాసేపటికి పెట్టేసింది. "మెడ పట్టుకోనీకి మనిషుంటేనే ఒస్తదట. ఒట్టిగ చెప్పుడు రాదంటున్నది."

చివరికి సోనీబాయి మాటలకు అక్క అర్థం చెబుతుంటే, మూగ వీడియో కిందే తెలుగు అక్షరాలు వేశాను. ఆటో నడుపుతూ అవెవరు చదువుతారు? ఒకడైతే స్పీకర్ పోయిందనుకుని ఫోన్ రిపేరు షాపులో ఇచ్చాడు. సోమవారం ఊరికి బయల్దేరినవాళ్లంతా ఒక్క ఆటోలో సరిపోయారు. సభలో క్వారీకే ఎక్కువ చేతులు లేచాయి.

తర్వాత కంపెనీ క్లెయిమ్ వదులుకుంది. సౌండ్ తిరిగొచ్చింది, వ్యూస్ కూడా వచ్చాయి. "వాయిస్ సూపర్, ఫుల్ సాంగ్ పెట్టండి" అని ఎవరో కామెంట్ పెట్టారు. అక్క అది రెండుసార్లు చదివి ఫోన్ బోర్లా పెట్టింది.

ఇప్పుడు ఏ వార్తైనా ముందు వాయిస్ మెసేజ్‌గా అందరి ఫోన్లకూ పంపి, ఆ తర్వాతే అప్‌లోడ్ చేస్తున్నాం. పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తోంది. సోనీబాయి తండా నుంచి మాత్రం పంపడానికి వార్తలేమీ లేవు. క్వారీ వచ్చాక అక్కడ మనుషులు లేరు.