ఎలుక చూడలేదు

ముప్పై ఏళ్ళుగా చిట్టెలుకల చూపు మీద పరిశోధన చేస్తూ, ఏ ఎలుకైనా ఏనాడైనా దేన్నైనా చూసిందంటే మాత్రం ఒప్పుకోని మనిషి టర్కీలోని ఇజ్మిర్ ఊళ్ళో ఒక్కరే ఉన్నారు. ఆయన ఫెరిదూన్ హోజా, అంటే ఫెరిదూన్ మాస్టారు.

విద్యార్థులు నెలల తరబడి చేసిన పనిని ఒక కాగితం మీదికి గీతలుగా ఎక్కించి, గుండె చిక్కబట్టుకుని తెచ్చి ఆయన ముందు పెట్టేవారు. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని, చావు కబురు విన్నవాడిలా నిట్టూర్చేవారు.

"ఎలుక చూడలేదు."

"మరి తెర మీద గీతలు వచ్చినప్పుడే నాలుక చాపింది కదా హోజా?"

"దాహమేసింది."

"నూటికి ఎనభైసార్లా?"

"బాగా దాహమేసింది."

ఇంట్లోనూ అదే తంతు. ఆయన భార్య ముఅల్లా హనుమ్ కొత్త కోటు తొడుక్కుని "బాగుందా?" అని అడిగితే, "దేనితో పోల్చి?" అనేవారు. హోటల్లో కుర్రాడు సూప్ ఎలా ఉందని అడిగితే, "ఒక్క చెంచాతో ఏం తేలుతుంది నాయనా!" అని దిగులుగా మొహం తిప్పుకునేవారు. ఎవరైనా శుభోదయం అంటే చాలు, కిటికీ దగ్గరికి వెళ్ళి ఆకాశాన్ని పరీక్షగా చూసి, ఏమీ అనకుండా వచ్చి కూర్చునేవారు.

బెర్రిన్ ఆయన దగ్గర పరిశోధనకు చేరి అయిదో ఏడు. ఆమె పని మెదడులోని ఆపే కణాల మీద. మెదడులో ఎక్కువ కణాలు పక్క కణాన్ని ఎగదోసే రకం. కొన్ని మాత్రం పక్కవాటిని "ఊరుకో, ఊరుకో" అని అణుస్తూ ఉంటాయి. అవే లేకపోతే చూపంతా సంతగోల. గీత ఏదో, గోడ ఏదో తేలదు. ఆ ఆపే కణాలకు ఇంకాస్త బలమిస్తే, ఎలుక మసక గీతలను కూడా పట్టుకోగలదా? అదీ ఆమె ప్రశ్న.

"మన దగ్గర పెద్ద ఆపే కణం ఒక్కటే ఉంది. దానికి ప్రొఫెసర్ జీతం ఇస్తున్నారు" అనేవాడు రుస్తెమ్ అబీ, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ. యంత్రాలన్నీ చూసుకునేది అతనే; చిన్నవాళ్ళందరికీ అబీ, అంటే అన్న.

ప్రయోగం చూడ్డానికి తేలికే. ఎలుక చిన్న చక్రం మీద కూర్చుంటుంది. ఎదురుగా తెర. తెర మీద గీతలు కనబడితే గొట్టాన్ని నాకాలి, ఒక నీటి చుక్క దొరుకుతుంది. కొన్ని వంతుల్లో వెంట్రుకలాంటి గాజు దారం గుండా నీలి కాంతి మెదడులోకి వెళ్ళి ఆపే కణాలను రెచ్చగొడుతుంది. కాంతి లేనప్పుడు ఎలుక మసక గీతలను నూటికి యాభై ఒక్కసారి పట్టుకుంది. కాంతి ఉన్నప్పుడు డెబ్బై ఒక్కసారి. ఆ అంకె చూసిన పొద్దున బెర్రిన్ దారిలో వేడి వేడి బోయోజ్ రొట్టెలు కట్టించుకుని, మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది.

"ఎలుక చూడలేదు" అన్నారు హోజా.

"ఒక ఎలుక కాదు హోజా, పదకొండు!"

"పదకొండూ చూడలేదు." బోయోజ్ మాత్రం తిన్నారు.

అప్పటికి అక్టోబరు. ఆమె ఉపకారవేతనం మార్చితో ఆఖరు. హోజా మాత్రం వారానికో పీడ తెచ్చిపెట్టేవారు. ఆడ ఎలుకలను విడిగా లెక్కించమన్నారు. చక్రం మీద పరిగెత్తినప్పుడు ఒక లెక్క, నిలబడినప్పుడు ఒక లెక్క తీయమన్నారు. ఒకసారి సోమవారాలన్నీ తీసేసి చూడమన్నారు.

"సోమవారాలేం చేశాయి హోజా?"

"సోమవారం ఎవరికీ ఏమీ కనబడదు."

అన్నీ చేసింది. అంకె చెక్కుచెదరలేదు. నవంబరులో ఆయన ఇంకో మాట అన్నారు.

"నీలి కాంతి మెదడులోకి పోకుండా అడ్డం పెట్టు. మిగతాదంతా మామూలుగా జరగనీ."

"కాంతే లేకపోతే ఇంకేముంటుంది?"

"ఏమీ ఉండకూడదు. ఆ ఏమీ లేకపోవడాన్ని ఒక్కసారి కళ్ళతో చూసి పోవాలనుంది."

ఆయన నోరు మూయించడానికే ఆమె గాజు దారం కొసకు నల్ల టేపు చుట్టింది. మూడు రోజులు చేసింది. మూడో సాయంత్రం అంకె వచ్చింది. డెబ్బై.

టేపు విప్పి చూసింది. మళ్ళీ చుట్టింది. మళ్ళీ చేసింది. డెబ్బై. కాంతి లేదు, ఆపే కణాల ప్రసక్తే లేదు, అయినా డెబ్బై. రుస్తెమ్ అబీ గింజలు నమలడం ఆపి, కాంతి పుట్టే పెట్టెకు చెవి ఆనించాడు.

"టిక్‌మంటోంది చెల్లీ."

ఆ పెట్టెలో దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. కాంతి కావలసినప్పుడల్లా గోరంత ఇనుప తలుపు తెరుచుకుంటుంది. పెట్టెకు చెవి ఆనిస్తే తప్ప ఆ తలుపు చప్పుడు మనిషికి వినబడదు గాని, ఎలుక చెవికి తలుపు తట్టినట్టే. ఇదిగో, గీతలు వస్తున్నాయి, సరిగ్గా చూడు అని పిలిచినట్టే. కునుకుతున్న ఎలుక ఉలిక్కిపడి తెర చూసేది. అంతే. ఇన్నేళ్ళ పని అంతా ఒక టిక్.

బెర్రిన్ వెళ్ళి హోజా గదిలో నిలబడింది.

"హోజా, మీరన్నదే నిజం. ఎలుక చూడలేదు. వింది."

ఆయన మొహంలో విజయం వెతికింది, దొరకలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమైనా తిన్నావా అమ్మాయీ?"

"మీరే గెలిచారు."

"ఇందులో ఎవరూ గెలవరు. వెళ్ళు, తిని పడుకో."

ఆమె వెళ్ళింది గాని తిననూ లేదు, నిద్రా పోలేదు. పాత ఎలుకలు ఆ టిక్‌కు అలవాటు పడిపోయాయి, పనికిరావు. కొత్త ఎలుకలకు శస్త్రచికిత్స చేసి, అవి కోలుకుని, చక్రం మీద కుదురుగా కూర్చుని, గీత అంటే ఏమిటో నేర్చుకునేసరికి అయిదు నెలలు. మార్చి దాటిపోతుంది. ఎన్నిసార్లు వేళ్ళ మీద లెక్కపెట్టినా దాటిపోతూనే ఉంది. బోర్నోవాలో పిన్ని కూతురికి కళ్ళద్దాల దుకాణం ఉంది, మనిషి కావాలంటోంది. చూపు మీద అయిదేళ్ళు చదివినందుకు చివరికి అదే గతి అనుకుంది. ఉత్తరం రాసింది: మానేస్తున్నాను.

ఎవరికీ మొహం చూపించనక్కర్లేదని ఆదివారం మధ్యాహ్నం వెళ్ళింది, ఉత్తరం బల్ల మీద పెట్టి తన చెప్పులూ టీ గ్లాసూ తెచ్చుకుందామని. వసారా చివర, విరిగిన కుర్చీలు పడేసే గదిలోంచి ఎవరిదో గొంతు వినిపించింది.

"చూశావా నా బంగారం! చూశావు! ఎంత సన్నటి గీతో, అయినా చూశావు! నా తల్లే, నా ప్రాణమే!"

ఇంత సంబరపడే మనిషి ఈ భవనంలో ఎవరూ లేరే అని తలుపు నెట్టింది. హోజా! పీట మీద ముడుచుకుని కూర్చుని, మోకాళ్ళ మీద నోటుబుక్కు పెట్టుకుని, చక్రం మీది ఎలుకకు చప్పట్లు కొట్టకుండా కొడుతున్నట్టు చేతులు ఊపుతున్నారు. వెనకాల అర మీద ఎనిమిది బోనులు.

"ఎలుక చూసిందా హోజా?"

ఆయన పీట మీంచి పడబోయారు. "లేదు."

"ఇప్పుడే అన్నారు, నా చెవులతో విన్నాను."

"వాటికి కావలసింది ధైర్యం. నీకు కావలసింది జవాబు. రెంటికీ ఒకే మాట ఎలా చెప్పను?"

ఆమె నోటుబుక్కు అందుకుంది. మొదటి పేజీ మీద మే నెల తేదీ, ఎనిమిదింటికీ శస్త్రచికిత్స అయిందన్న ముక్క. రోజూ పొద్దున్నే, అందరూ రాకముందు గంటన్నర. ఆదివారాలు పూటంతా. ప్రతి పేజీలోనూ మెప్పులే: ఈ రోజు అద్భుతం, నిన్నటికన్నా మేలు, కొరికింది గాని తప్పు నాదే.

"మే నుంచా? అంటే టిక్ సంగతి మీకు ముందే తెలుసు!"

"తెలిస్తే చెప్పనా? నాకు టిక్ తెలియదు. ఏదో ఒకటి కూలుతుందని మాత్రం తెలుసు. ఎప్పుడూ కూలుతుంది. చదువుకునే రోజుల్లో నాది రెండుసార్లు కూలింది. అప్పుడు నా చేతిలో చదువొచ్చిన ఎలుక ఒక్కటి లేదు."

బెర్రిన్ కళ్ళు తుడుచుకుంది. ఎలుక తలకు తగిలించిన గాజు దారం అవతలి కొసన ఉన్న దీపం వైపు చూసింది. "ఇది చప్పుడు చెయ్యదా?"

"తలుపూ గిలుపూ లేని పాతది. నేరుగా వెలుగుతుంది, ఆరుతుంది. చప్పుడు చేసే ఓపిక దానికెక్కడిది?"

"రుస్తెమ్ అబీకి తెలుసా?"

"చక్రానికి నూనె ఎవరు వేస్తున్నారనుకున్నావు?"

"మరి ఇంట్లో?"

"చేపలు పట్టడానికి వెళ్తున్నానని చెప్పాను. రోజూ ఖాళీ చేతులతో వెళ్తాను కాబట్టి ఆవిడకు అనుమానం రాలేదు."

ఆ ఎనిమిది ఎలుకలతో బెర్రిన్ చలికాలమంతా పనిచేసింది. ఇరవై తేడా కాస్తా ఏడయింది. ఆపే కణాలకు బలమిస్తే ఎలుక నూటికి ఏడుసార్లు ఎక్కువ చూస్తుంది, అంతే. కాని టేపు చుడితే ఆ ఏడూ పోతాయి, విప్పితే తిరిగొస్తాయి. పెద్ద శాస్త్ర పత్రికలేవీ పట్టించుకోని ఏడు. నిజమైన ఏడు.

మార్చి చివరి వారంలో ఆమె సిద్ధాంతగ్రంథం మీద మౌఖిక పరీక్ష జరిగింది. తనకు ధన్యవాదాలు చెబితే సంతకం పెట్టనని హోజా బెదిరించడంతో, గ్రంథంలో "ఎలుకలకు శిక్షణ ఇవ్వబడింది" అని మాత్రమే ఉంది. అంకారా నుంచి వచ్చిన పరీక్షకురాలు గంటన్నర పాటు నిలువునా చీల్చి, అన్ని జవాబులూ విని, చివరికి కళ్ళద్దాల మీంచి చూసింది.

"ఒక్క సందేహం. నలభై రోజులు వరసగా ఒక్క ఎలుక కూడా మొరాయించకపోవడం నేనెక్కడా చూడలేదు. వీటికి ఎవరు నేర్పారమ్మా? అలాంటి మనిషి మా దగ్గరా ఉంటే బాగుండును."

బెర్రిన్ నేల చూసింది. వెనక వరసలో రుస్తెమ్ అబీకి దగ్గు తెర వచ్చింది.

"అతన్ని నేనెరుగుదును" అన్నారు ఫెరిదూన్ హోజా, చెవులు ఎర్రబడుతుండగా. "తీసుకోకండి. ముసలివాడు. ఏడుపుగొట్టు మొహం. పైగా పొద్దున్నే చేపలకు పోతాడు."