ఈరి అందించిన పోగులు

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ప్రణీత మంత్రగత్తె అన్న సంగతి అందరికీ తెలుసు. ప్రణీతకు ఇంకా బాగా తెలుసు. అదేదో దాచుకోవలసిన విషయమని ఆమెకెప్పుడూ తోచలేదు. పందొమ్మిదేళ్ల పిల్ల. పొద్దున గుంత మగ్గంలో కాళ్లు దించుకుని చీర నేస్తుంది, మధ్యాహ్నం డిగ్రీ పుస్తకాలు తిరగేస్తుంది. మధ్యలో ఎవరి బిడ్డో ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుస్తోందంటే నూలు పోగొకటి తెంపి, బూడిద రాసి, మెలి తిప్పి మణికట్టుకు ముడి వేస్తుంది. బిడ్డ ఏడుపు ఆగిపోతుంది. కొళాయి దగ్గర "ఆ మంత్రగత్తె" అనే ఆడవాళ్లే అవసరం పడితే పెరటి తలుపు తట్టి "ప్రణీతమ్మా" అంటారు. ప్రణీత రెండు పిలుపులకూ పలుకుతుంది.

ఈ విద్య ఆమెకు వాళ్లవ్వ అంజనమ్మ నుంచి వచ్చింది. అంజనమ్మ చేతి ముడి పడితే ఎంత భయమైనా కట్టుబడేది. మనవరాలికి ఎనిమిదో ఏట ఆ ముడి నేర్పుతూ ఆమె ఒక్క కట్టడి పెట్టింది.

"భయాన్నే కట్టాలమే. రోగాన్ని కట్టేకి మనమెవురు? దానికి ఆస్పత్రి ఉండాది."

ప్రణీత ఆ కట్టడిని ఒక్కసారే తప్పింది. అప్పుడామెకు పదిహేడేళ్లు.

ఆ రోజుల్లో ప్రణీతతో కలిపి వాళ్లు ముగ్గురు స్నేహితురాళ్లు. రెండో మనిషి శివాని, ఆలూరు పక్క పల్లెలో ఎకరాలకు ఎకరాలున్న ఇంటి పిల్ల. ఎమ్మిగనూరులో మేనత్త ఇంట ఉండి వీళ్లతోపాటే ఇంటర్ చదువుతుండేది. ఒట్టి కాళ్లతో చేలో నడిస్తే భూమి లోపల నీళ్లెక్కడున్నాయో శివాని అరికాలికి తెలిసిపోయేది. ఆ పిల్ల ఆగినచోట బోరు వేస్తే నీళ్లు పడనిది లేదు. సెలవుల్లో వాళ్ల నాన్న ఆమెను జీపులో ఎక్కించుకుని, చుట్టాల చేలన్నీ తొక్కించేవాడు.

మూడో మనిషి వీరేశ్వరి. ప్రణీత ఇంటికి నాలుగిళ్ల అవతల గంగక్క కూతురు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టారు, పిలవడానికి ఈరి. ఈరికి ఏ విద్యా రాదు. ముడి వేస్తే ఊడిపోయేది, చేలో నడిస్తే ముల్లు గుచ్చుకునేది. కానీ మిగతా ఇద్దరూ పొద్దున పోట్లాడుకుంటే సాయంత్రానికి కలిపి కూర్చోబెట్టేది ఆమే. ఇద్దరికీ పొగరు ఎక్కువ. ఎవరో ఒకరు తగ్గాలి కదా, ఆ తగ్గే పని ఈరి చేసేది.

ఇంకొక పని కూడా ఆమెకు చాలా బాగా వచ్చు. చీర దిగాక మగ్గంలో పాత పోగుల కొసలు మిగులుతాయి. వాటికి కొత్త పడుగు, అంటే నిలువు పోగులను, ఒక్కొక్కటే కలిపి బూడిద అంటిన వేళ్లతో మెలి తిప్పాలి. రెండు వేల పైచిలుకు పోగులు. ఒకరు వరస తప్పకుండా ఏరి అందించాలి, ఇంకొకరు మెలి తిప్పాలి. ప్రణీత మెలి తిప్పితే ఈరి అందించేది. రెండు రోజులు ఎదురెదురుగా కూర్చుని, పాటలూ ఎకసెక్కాలూ కలుపుకుంటూ పడుగు అతికేవాళ్లు. ఒక్క పోగు వరస తప్పింది లేదు.

ఆ సెప్టెంబరులో ఈరికి జ్వరం వచ్చింది. చూడటానికి వెళ్లిన ప్రణీత నొసట చెయ్యి పెట్టి చూసి, మారుమాట లేకుండా పోగు తీసి మణికట్టుకు కట్టేసింది.

"మూడు దినాల్లో తగ్గిపోతాది, చూడు" అంది.

ఎందుకు కట్టిందంటే, కట్టగలననుకుంది. అంతకుముందు వారమే నలుగురు పిల్లల భయం తీర్చి ఉంది, చేతికి ఎదురులేదన్న ధీమా తలకెక్కి ఉంది. మూడో రోజుకు జ్వరం తగ్గలేదు సరికదా, ఈరి లేచి నిలబడలేకపోయింది. కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోయారు. శివాని వెంట వెళ్లింది. ఆ పోగు తెంపిన మగ్గాన్ని తాను వదిలితే ముడి సడలుతుందేమోనని ప్రణీత ఇక్కడే కూర్చుంది. అయిదో రోజు ఈరి పోయింది.

దహనమయ్యాక వీధి మొగదల శివాని ప్రణీతను నిలబెట్టింది.

"నీ దారం లేకపోయింటే రెండు దినాలు ముందే ఆస్పత్రికి పోయింటాది. నువ్వే సంపితివి దాన్ని."

నలుగురిలోనే అంది. ఎంతటివాళ్లకైనా బదులు చెప్పే ప్రణీత తల వంచుకుని ఇంటికొచ్చింది. శివాని కాలేజీ మానేసి ఊరికి వెళ్లిపోయింది. సముదాయించడానికి మధ్యలో ఈరి లేదు.

ఆ తర్వాత ప్రణీతకు అన్నం దగ్గరా పుస్తకం దగ్గరా ఒకటే మాట మెదిలేది. నా దారం వల్లే ఈరి ఇంట్లో ఆగిందా? ఆ మాట చెప్పగలిగిన మనిషి ఒక్కతే, ఆ మనిషే లేదు.

మగ్గాల వీధిలో ఒక ఆచారం ఉంది. పోగులు అందించిన మనిషి పోతే, ఆ చేయి పడిన కొసలను మగ్గంలోంచి కోసి పారేసి, కొత్త పడుగును మొదటి పోగు నుంచీ కొత్తగా ఎక్కించుకోవాలి. అతకడం కంటే నాలుగింతల చాకిరీ. అయినా ఎవరూ తప్పరు. అతికితే పోయినవాళ్లు మగ్గంలో ఆగిపోతారని చెప్పుకుంటారు. మామూలు నేతగాళ్లు అతికితే ఏమవుతుందో ఏమోగాని, అతికింది ప్రణీత. ఈరి పోయిన ఎనిమిదో నెలలో, మనసు పెట్టక నెలల తరబడి లాగిన పాత పడుగు చివరికొచ్చాక, ఆ కొసలను కోయకుండా కొత్త పడుగు తెచ్చి, అందించేవాళ్లు లేక తానే ఏరుకుంటూ, తానే మెలి తిప్పుకుంటూ అయిదు రోజులు కూర్చుంది. అంజనమ్మ గడపలో నిలబడి చూసింది.

"వద్దంటే ఇంటావా?"

"ఇనను."

"అయితే కానీ. నువ్వే తెలుసుకుంటావు" అని ముసలామె లోపలికెళ్లిపోయింది.

అడ్డపోగును కొట్టి బిగిస్తూ మొదటి జానెడు గుడ్డ నేసేసరికి మగ్గంలోంచి ఈరి గొంతు వినిపించింది.

"మెల్లగా కొట్టుమే, చీర అనుకుంటివా, శత్రువనుకుంటివా?"

ప్రణీత అడ్డపోగు లాగే నాడె వదిలేసి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. రెండు చీరల పడుగు అది. మొదటి చీరంతా పండగలాగే గడిచింది. నాడె ఆడినంతసేపూ ఈరి మాట్లాడుతుండేది. లెక్చరర్‌ను అనుకరించేది, పాట అందుకునేది. రెండో చీరలో సగానికొచ్చాక ప్రణీత ధైర్యం చేసి అడిగింది.

"ఈరీ, నిజం చెప్పు. నా దారం కట్టినానని ఆస్పత్రికి పోకుండా నిలిస్తివా?"

మగ్గం ఏమీ చెప్పలేదు. ఇంకో నాలుగు వరసలు నేసి మళ్లీ అడిగింది.

"మెల్లగా కొట్టుమే, చీర అనుకుంటివా, శత్రువనుకుంటివా?"

అదే మాట, అదే విరుపు. ప్రణీత నాడె ఆపింది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. లెక్చరర్ అనుకరణ, పాట, ఎకసెక్కం, అన్నీ ఈ మగ్గం దగ్గర ఈరి ఎప్పుడో అన్నవే. ఒక్క కొత్త మాట లేదు. ఆ చివరి అయిదు రోజులు ఈరి ఈ మగ్గం దగ్గర లేదు, కాబట్టి ఆ రోజుల ముచ్చట ఈ పోగుల్లో లేదు. తాను పిలిచింది ఈరిని కాదు, తనకు తెలిసిన ఈరిని. తెలియని ఈరి ఎక్కడుందో కూడా ప్రణీతకు తట్టింది. ఆస్పత్రిలో పక్కన కూర్చున్నది శివాని.

మర్నాడు పొద్దున్నే ఆదోని మీదుగా ఆలూరు బస్సెక్కింది.

శివాని ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. మే నెల ఎండలో సాక్సులూ బూట్లూ తొడుక్కుని ఉంది. ఈరి పోయాక ఆ పిల్ల నేల మీద ఒట్టి కాలు పెట్టలేదట. వాళ్ల నాన్న నీళ్లు చూసే మిషను తెప్పించి చూపించుకుని వేసిన మూడు బోర్లూ ఎండిపోయాయట.

"ఎందుకొస్తివి?" అంది శివాని.

"కొట్లాడేకి రాలేదు. దారం కట్టింది నా తప్పే. జ్వరానికి కట్టకూడదని తెలిసే కట్టినా. ఒప్పుకుంటాండా. నాకు ఒకటే కావాల. ఆస్పత్రిలో ఈరి నా దారం గురించి ఏమన్నా అనెనా?"

తిట్లకు సిద్ధపడే వచ్చింది ప్రణీత. శివాని మాత్రం తల దించుకుని బూటు తాడు ఊడదీసి, మళ్లీ కట్టుకుంది.

"ఏమీ అనల్యా. నేనే ఒకటి దాచిపెడితి. రెండో దినం నేను పోతి దాన్ని చూసేకి. ఆస్పత్రికి పోవాల్నా అని అదే అడిగె. సోమవారం ల్యాబ్ పరీక్ష ఉండాది కదమే, అయిపోయినాక పోదాంలే అంటి. నేనే అంటి. అది సచ్చిపోయినాక ఆ మాట గుర్తొచ్చి నాకు ఊపిరాడలేదు. ఎవురి మీదన్నా ఎయ్యాల కదా. నీ మీదేస్తి."

ప్రణీతకు ఒళ్లు మండింది. ఎనిమిది నెలలు తాను ఒక్కతే మోసింది మరి. లేచి వెళ్లిపోదామనుకుంది. అరుగు దిగి వాకిలి దాకా వెళ్లింది కూడా. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. తగ్గే మనిషి లేనప్పుడు ఎవరో ఒకరు ఆ పని నేర్చుకోక తప్పదు.

"బూట్లు ఇప్పు" అంది. "మా ఇంట్లో ఈరి మాట్లాడతాండాది. పడుగు ఇంకా మూడు గజాలుండాది. ఇంటావా?"

శివాని విన్నది. రెండు రోజులు మగ్గం పక్కన ఒట్టి కాళ్లతో కూర్చుని, చేతనయినట్టు కండెలకు నూలు చుట్టిస్తూ విన్నది. మూడోసారి అదే పాట వచ్చినప్పుడు తానే అంది.

"చాలుమే. పాపం, దాన్ని చెప్పిందే చెప్పిస్తాండాం."

చివరి జానెడు నేసి, ప్రణీత తానే కత్తెర తీసుకుంది. చీరతోపాటు ఆ పాత కొసలన్నీ కోసేసింది. రెండువేల పోగులూ తెగి గుంతలో పడ్డాయి. మగ్గం ఊరుకుంది. ఇద్దరూ ఒకళ్ల చేయి ఒకళ్లు పట్టుకున్నారు. అంజనమ్మ వచ్చి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి వెళ్లింది.

"గంగత్తకు చెప్పాల" అంది ప్రణీత.

"ఇద్దరి మాటా చెప్పాల" అంది శివాని.

మధ్యాహ్నం రెండు గంటలకు ఆ రెండు చీరలూ పట్టుకుని నాలుగిళ్లు నడిచారు. ఆ నాలుగిళ్ల దూరం కర్నూలు కంటే ఎక్కువ దూరమనిపించింది ఇద్దరికీ. గంగక్క రాట్నం దగ్గర ఉంది. కూతురు పోయాక ఆమె వీధిలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు, ఆమె ముందు ఈరి పేరు ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. ప్రణీత నిలబడే అంతా చెప్పింది. దారం సంగతి, మూడు దినాలన్న మాట. శివాని పరీక్ష మాట చెప్పింది. చెప్పి, కొడితే కొట్టనీ అన్నట్టు ఇద్దరూ నిలబడ్డారు.

గంగక్క రాట్నం ఆపింది.

"మీరిద్దరు ఆపితే ఆగే మనిషా అది?" అంది. "రెండో దినమే నేను చీర మార్చుకొని నిలబడితి, పోదాం పామే అని. దానికి సూదంటే పానం పోయేంత భయం. చిన్నప్పుడు బడిలో టీకాలేస్తాండారని గోడ దూకి ఇంటికొచ్చింది. ఎవురికీ చెప్పొద్దుమా, ప్రణీత నవ్వుతాది అని నాతో ఒట్టేయించుకునె. ఆ దినం కూడా మీ ఇద్దర్నీ అడ్డం పెట్టె. దారం కట్టిందిమా, సోమవారం పోదామనిందిమా అని. సాకని నాకు తెలుసు. బిడ్డ భయపడతాందిలే, ఒక దినం చూద్దామని ఊరుకుంటి. తల్లిని నేను. మీకేం తెలుసు, పిల్లోళ్లు."

ప్రణీత తన చేతి వైపు చూసుకుంది. భయం! ఊళ్లో ప్రతి బిడ్డ భయాన్నీ కట్టిన చేయి తనది. ఈరి మణికట్టు పట్టుకుని జ్వరానికి ముడి వేసింది. అదే ముడి భయానికి వేసి ఉంటే ఈరి ఆ రోజే లేచి, తల్లి చేయి పట్టుకుని బస్సెక్కేది. దుఃఖం ఒక్కసారిగా తన్నుకొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. తన మీద కాదు, మొదటిసారి ఈరి మీద.

"ఒక్క మాట చెప్పింటే ఏం పోతాండెనే నీకు!" అని గోడ మీది ఫోటో కేసి అరిచింది. "నవ్వుతానని దాచిపెడితివా? నవ్వుతాంటి. నవ్వి ముడి కడ్తాంటి కదే, దొంగదానా! మొద్దుదానా!"

అరిచాక భయపడి నోరు మూసుకుంది. చచ్చిపోయిన బిడ్డను, తల్లి ముందు అంతేసి మాటలు. శివాని ఆమె భుజం పట్టుకుంది.

గంగక్క కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఇద్దరికీ తెలియలేదు. కాస్సేపటికి కొంగు తీసి, చాప వాళ్ల వైపు జరిపింది.

"ఎందుకు నిలిపితివి? కూసోని ఇంకా తిట్టుమే" అంది. "నా బిడ్డను ఎవురన్నా తిట్టి ఎనిమిది నెల్లాయ."