మబ్బును తోలిన నారెప్ప

పుంగనూరు పక్క పల్లెలో నారెప్ప తిరునాళ్లకు ఔట్లు పేల్చే మనిషి. ఇనుప గొట్టంలో మందు కూరీ కూరీ బొటనవేలి గోరు నల్లబడింది, ఎడమ చెవి మందగించింది. వేసవిలో మబ్బు పట్టిందంటే గొట్టాన్ని గట్టు మీద నిలబెట్టి ఆకాశంకేసి పేలుస్తాడు. ఆ దెబ్బకు రాళ్లవాన విరిగిపోతుందని అతని నమ్మకం. "డెబ్బై ఆరులో ఒకటి, డెబ్బై తొమ్మిదిలో రెండు తోలినాను" అని టీకొట్లో వేళ్లు మడిచి చెబుతాడు.

ఎనభై రెండు ఏప్రిల్లో మూడు ఔట్లకే మబ్బు నిజంగా పడమటికి తిరిగింది. ఊరంతా మెచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే పడమటి పల్లె చౌడప్ప టీకొట్టు ముందు సైకిలు దిగాడు. "నువ్వు తోలిన వాన, మదనపల్లె మార్కెట్టుకు పోవాల్సిన నా టమోటా తోటంతా నేలకేసి కొట్టిండాది. తోలింది నువ్వేనా, కాదా? నువ్వే అయితే వచ్చి మళ్లీ నారు నాటు" అన్నాడు. ఔనంటే నడుం విరుగుతుంది, కాదంటే ఇన్నేళ్ల పేరు పోతుంది. "గాలికి పోయిండాదని చెప్పప్పా, వదిలేస్తాడు" అని టీకొట్టు అంజినప్ప కుడి చెవిలో ఊదాడు. నారెప్ప మీసం దువ్వుకున్నాడు. "గాలికి అంత తెలివి యాడుండాది? నేనే తోలినాను" అన్నాడు. మూడు రోజులు చౌడప్ప చేలో వంగి నారు నాటాడు. దారిన పోయేవాళ్లు "ఎవురప్పా ఈ కొత్త కూలాయన?" అని అడిగితే, చౌడప్ప నోరు తెరిచేలోపే మట్టిచేతులు దులుపుకుని లేచి నిలబడేవాడు. "కూలోణ్ణి కాదప్పా, మీ ఊరి మీదికి వాన తోలినోణ్ణి!"