పక్కింటావిడ ఇచ్చిన అక్షింతల పురుగులు

శాంటా క్లారాలో మా పక్కింటి లిండా పెరట్లో నాలుగు గంజాయి మొక్కలు పెంచుతారు. కాలిఫోర్నియాలో అది నేరం కాదని తెలిసినా, మా ఏడేళ్ల పాప మేఘనను అటువైపు వెళ్లొద్దని, ఆవిడతో మాట్లాడొద్దని కట్టడి చేశాను.

ఈ రోజు సాయంత్రం మా కరివేపాకు మొక్కకు పేనుబంక పట్టడం చూసి, ఆవిడే ఒక డబ్బా నిండా అక్షింతల పురుగులు, అదే లేడీబగ్స్, తెచ్చారు.

"ఆకులు తడిపి వదలండి. పేనుబంకను తినేస్తాయి. నా మొక్కలకీ ఇవే" అన్నారు.

"మీవి డ్రగ్స్ కదా? మీతో మాట్లాడొద్దని మమ్మీ చెప్పింది" అనేసింది మేఘన.

నాకు తల కొట్టేసినట్టయింది. లిండా మాత్రం కోప్పడలేదు.

"మా ఆయనకు క్యాన్సర్, తల్లీ. ఆ ఆకు పొగ పీల్చాకే నొప్పి తగ్గి కాస్త నిద్రపోతారు. అందుకే పురుగుమందు కొట్టను" అన్నారు.

రెండేళ్లుగా పక్కపక్కనే ఉంటున్నాం. ఆయన బయట కనిపించడం లేదేమని నేను ఒక్కసారి కూడా అడగలేదు. సారీ చెప్పాను కానీ ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

రేపు ఆయన్ని చూడటానికి వెళ్తాను. వట్టి చేతులతో వెళ్లలేను, పులిహోర పట్టుకెళ్తే క్షమించమని లంచం ఇచ్చినట్టు ఉంటుందేమో. మీరైతే ఏం చేస్తారు?