నర్సమ్మ గోడ మీది రెండు మేకులు

మొన్న పొద్దుగూకే వేళ పాలపాకెట్ కోసం రోడ్డెక్కి, కొనుక్కుని తిరిగి వస్తున్నాను. ఎదురుగా ఒక కారు వచ్చింది. దాని ముందు దీపాలు ఎంత తెల్లగా ఉన్నాయంటే, కళ్లలో ఎవరో సున్నపునీళ్లు చల్లినట్టయింది. రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాను. పాకెట్ జారిపడి పగిలింది. కారు నాకు కొద్ది దూరంలో కిరాణా కొట్టు ముందు ఆగగానే వెళ్లి అద్దం మీద తట్టాను. లోపలి కుర్రవాడు అద్దం దించి, "ఏమైంది తాతా" అన్నాడు. నీ దీపాలు రోడ్డును చూడడం లేదు, నా ముఖాన్ని చూస్తున్నాయి, దించుకో అన్నాను. "అవి ఆటోమేటిక్ తాతా, మనం దించుడు ఉండది" అన్నాడు.

ఆటోమేటిక్ అట. దీపం తనంతట తానే సిగ్గుపడి తల దించుకుంటుందని నమ్మే కాలం వచ్చింది. ఆ కోపంలో ఉండగానే నా ముక్కుకు మాడిన పసుపు వాసన తగిలింది. చుట్టుపక్కల ఎక్కడా పసుపు లేదు. అది యాభై ఏళ్ల కిందటి వాసన. దానితో పాటే నర్సమ్మ గొంతు కూడా వచ్చింది.

డెబ్బైల్లో నేను హనుమకొండలో ఒక లేడీ డాక్టరు దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. అందరూ ఆమెను డాక్టరమ్మ అనేవారు. ఆమె అంబాసిడర్ కారును రాత్రిళ్లు వరంగల్ కొత్తవాడలో మా ఇంటి ముంగిట్లోనే పెట్టుకునేవాణ్ణి. దాని మంచీ చెడ్డా నావే. అంతకు ముందు మార్కెట్లో మిర్చి బస్తాలు మోసేవాణ్ణి. ఏడో తరగతి సగంలో మానేశాను. కానీ కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని, పాత నిఘంటువు పక్కన పెట్టుకుని, మాటమాటకూ అర్థం రాసుకుంటూ రెండేళ్లు చదివాను. ఒక్కో పేజీకి వారం పట్టేది. అందుకే ఆ పుస్తకంలో లేనిది లోకంలో లేదనుకునేవాణ్ణి. చదువుకున్నవాళ్ల పొగరు గురించి అందరూ చెప్పుకుంటారు గాని, తనంతట తాను చదువుకున్నవాడి పొగరు ముందు అదెంత.

వీధికి అవతల, మా వాకిలికి సరిగ్గా ఎదురుగా నర్సమ్మ ఇల్లు. అరవై దాటిన మనిషి. భర్త పోయాక ఒంటరిగా జంపఖానాలు నేసుకుని బతికేది. వీధి వైపు పొడుగాటి సున్నపు గోడ, ఆ గోడకు చిన్న కిటికీ, కిటికీ వెనక గుంట మగ్గం. నేలలో తీసిన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, కిటికీలో వెలుతురు ఉన్నంతసేపూ ఆమె చేయి ఆగేది కాదు. నేను పెద్దమ్మా అనేవాణ్ణి. ఆమె నన్ను కొడుకా అనేది. నా చేతిలో పుస్తకం కనిపించిన రోజున మాత్రం ఇంజినీరు అనేది.

ఒక సోమవారం కారు ఎడమ దీపం బల్బు పోయింది. ఒకటి పోతే రెండూ మార్చాలని పుస్తకంలో ఉంది కనుక రెండు కొత్తవి తెచ్చాను. మెకానిక్కు దగ్గరకు పోవచ్చు. పుస్తకం చదివినవాడు పోయి మెకానిక్కు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడా. దీపం చుట్టూ ఉండే మెరుపు రింగు ఊడదీశాను. లోపల కొన్ని మరలు కనిపించాయి. వాటిలో కొన్ని దీపాన్ని పట్టి ఉంచేవి, కొన్ని దీపం చూపును తిప్పేవి. పై మర తిప్పితే వెలుతురు మీదికీ కిందికీ పోతుంది, పక్క మర తిప్పితే కుడికీ ఎడమకీ పోతుంది. బల్బు మార్చేటప్పుడు ఈ చూపు మరలను ముట్టకూడదు. ఆ హెచ్చరిక పేజీ తిప్పాక ఉంది. నేను పేజీ తిప్పేసరికి రెండు దీపాల మరలూ నా అరచేతిలో ఉన్నాయి.

బల్బులు పెట్టబోతుంటే నా భార్య సుగుణ పసుపు కుంకుమల గిన్నె పట్టుకుని వచ్చింది. "కొత్త సామాను. బొట్టు పెట్టకుంట ఎట్ల బిగిస్తవ్" అంది. మా ఇళ్లలో కొత్త బిందె గాని, కొత్త చేట గాని బొట్టు లేకుండా వాడకంలోకి రాదు. నేను ఆధునికుణ్ణే. అయినా బల్బును ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. ఆమె తడి పసుపు రూపాయి బిళ్లంత అద్ది, దాని నడుమ కుంకుమ పెట్టింది. రెండో దానికీ అంతే. బిగించాను. వెలిగాయి. వెలిగితే చాలుననుకున్నాను.

మంగళవారం పరకాలలో ఒక పురుడు చూసుకుని డాక్టరమ్మా, ఆమె నర్సూ తిరిగి వస్తున్నారు. అప్పుడే చీకటి పడుతోంది. నా ఎడమ దీపం వేపచెట్ల కొమ్మల్లో పక్షిగూళ్లు వెతుకుతోంది, కుడి దీపం ఎదురు వచ్చేవాళ్ల కళ్లలోకి సూటిగా పోతోంది. ఎదురుగా వచ్చిన బస్సు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి నా వంశాన్ని మూడు తరాల వెనక్కి పోయి పలకరించాడు. వెనక సీట్లో ఇద్దరూ అన్నీ విన్నారు. ఇంటి ముందు దిగేటప్పుడు డాక్టరమ్మ, "శుక్రవారం మళ్లీ పరకాల పోవాలి. ఇట్లాంటి మాటలు ఇంకోసారి నా చెవిన పడితే వేరే డ్రైవరును చూసుకుంటాను" అంది. అరిచి ఉంటే భయపడేవాణ్ణి కాదు. మెల్లగా అంది. ఆ క్షణాన నా భుజాల మీద మిర్చి బస్తా బరువు మళ్లీ తెలిసింది.

బుధవారం సాయంత్రం పుస్తకం తెరిచాను. దీపాల చూపు సరిచేయాలంటే కారును గోడకు ఎదురుగా ఇరవై ఐదు అడుగుల దూరంలో నిలపాలి. దీపాల నడిబొడ్డు ఎంత ఎత్తులో ఉందో గోడ మీద అంత ఎత్తున గుర్తు పెట్టాలి. వెలుతురు ఆ గుర్తుకు కొంచెం కింద పడాలి. మా ముంగిట్లో నుంచి నర్సమ్మ గోడకు సరిగ్గా ఇరవై ఐదు అడుగులు. దేవుడే కొలిచి పెట్టాడనుకున్నాను. బొగ్గు ముక్క పట్టుకుపోయి రెండు అడ్డగీతలు గీశాను.

కిటికీలో మగ్గం చప్పుడు ఆగింది. "గోడకు ఏం రాస్తానవ్ కొడుకా."

"రాసుడు కాదు పెద్దమ్మా, గుర్తులు. పుస్తకంల ఉన్నది."

"దసరాకు సున్నమేసిన గోడ. నీ పుస్తకం మీద నేను బొగ్గుతోని గీకితె ఊకుంటవా."

ఆమె బయటికి వచ్చి గీతలను అటూ ఇటూ చూసి, "ఎడమది దిగింది" అంది. స్కేలుతో కొలిచానన్నాను. "కొలిసినవ్, సూడలే" అంది. మళ్లీ కొలిస్తే బొటనవేలి మందం దిగింది. నాకు ఒళ్లు మండింది. అయినా గుర్తులు ఎట్లా ఉంటేనేం అనుకుని, కారు దగ్గరికి పోయి మరలు తిప్పీ తిప్పీ పుస్తకంలో ఉన్నట్టే చేశాను. తిరిగి వచ్చి, ఇక నా దీపాలు సరిగ్గా ఉన్నాయన్నాను.

"సక్కగున్నయా. అయితె రా ఇంజినీరూ, జర నా జాగల కూసో."

నన్ను లోపలికి తీసుకుపోయి మగ్గం గుంటలో కూర్చోబెట్టింది. కిటికీలో నుంచి కేకేస్తే సుగుణ కారెక్కి దీపాలు వేసింది. ఎందుకైనా మంచిదని హారన్ కూడా కొట్టింది. నాకు మగ్గం కనిపించలేదు, నా చేతులు కనిపించలేదు. చెయ్యి చాపితే పడుగులో దారం ఒకటి పుటుక్కున తెగింది.

"ఏం కనవడ్తాంది" అంది నర్సమ్మ.

"ఏం కనవడ్తలేదు పెద్దమ్మా."

"మొన్నటి సంది నాకూ గదే. నువ్వు దీపాన్ని సూస్తానవ్. ఎలుగు ఎవని మొకాన పడ్తాందో సూస్తలేవు." తెగిన దారాన్ని ముడి వేస్తూ, "ఫికర్ చేయకు, రేపు నేను గూడ ఉంట" అంది. ఉద్యోగం సంగతి నేను చెప్పలేదు. సుగుణ చెప్పి ఉంటుంది.

గురువారం ఇంకా వెలుతురు ఉండగానే ఆమె సామానుతో వచ్చింది. సామాను అంటే రెండు మేకులు, పడుగు దారం, ఒక గులకరాయి. బొగ్గు గీతకు ఒప్పుకోని మనిషి తన గోడకు తానే రెండు మేకులు కొట్టింది. వాటి మధ్య దారం బిగించి కట్టింది. ఇంకో దారానికి గులకరాయి కట్టి వేలాడదీస్తే నిట్టనిలువు గీత దొరికింది. తర్వాత ఒక జంపఖానా మడిచి కుడి దీపం మీద కప్పింది. "రెండు మొగ్గాలు ఒక్కసారి నేస్తమా. ఒక్కొక్కటి సూడు" అంది. నేను మర తిప్పుతుంటే ఆమె గోడ పక్కన నిలబడి, "దించు, ఇంక దించు, ఆగు, వెంట్రుకంత ఎత్తు" అంటూ ఉంది. వెలుతురు అంచు మెల్లగా దిగి ఆ దారం కింద ఒదిగింది.

అయితే వెలుతురు నడుమ ఒక మచ్చ. అరచేయి వెడల్పున, మసకగా. మర ఎటు తిప్పితే అటే వస్తోంది. పుస్తకంలో దీపాల రోగాల పేజీ తీశాను. పగిలిన అద్దం, చేరిన నీళ్లు, తుప్పు, వదులైన తీగ. ఒక్కొక్కటి చదివి, ఒక్కొక్కటి పరీక్షించి, ఏదీ కాదని తేల్చేసరికి చీకటి పడింది. అంతలో నర్సమ్మ ముక్కు ఎగబీల్చింది.

"పసుపు మాడ్తాంది. ఎవలింట్ల."

ఎవరింట్లోనూ కాదు. వాసన దీపంలో నుంచి వస్తోంది. ఆమె మా గడప వైపు తిరిగి, "సుగుణా, బల్బులకు బొట్టు పెట్టినవా" అంది.

"పెట్టిన అత్తమ్మా. కొత్తయాయె."

"నేను దసరాకు మగ్గానికి పెడ్త. కట్టెకు పెడ్త. నేసే దారానికి పెడ్తనా." తర్వాత నా వైపు తిరిగింది. "దానిదేం తప్పు లేదు. నువ్వు పట్టుకోని నిలవడ్డవ్ గద, నీ పుస్తకం ఏమన్నది."

నా తరఫున ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ పుస్తకం రాసినవాళ్లకు బొట్టు సంగతి తెలియదు. అందుకే హెచ్చరిక లేదు. ఈ మాట అప్పుడే అన్నాను కూడా. వీధిలో ఎవరూ మెచ్చుకోలేదు. బల్బులు చల్లారాక పొడిగుడ్డతో తుడిచి పెట్టి, కుడి దీపాన్నీ అట్లాగే సర్దాను. సుగుణ మనసు నొచ్చుకోకుండా మెరుపు రింగుకు బొట్టు పెట్టింది.

పని అయిపోయిందనుకున్నాను. నర్సమ్మ మాత్రం ఖాళీ కారును చూస్తూ నిలబడింది. "ఈ బండిల ఎవలెవలు కూసుంటరు" అంది. డాక్టరమ్మ, నర్సు, డిక్కీలో మందుల పెట్టె అన్నాను.

"మరి ఉట్టి బండిని సర్దితె ఏం ఫాయిదా. నేను కూసోని కాళ్లతోని తొక్కనిది పడుగు ఒక తీరుంటది, తొక్కంగ ఒక తీరుంటది. డాక్టరమ్మ ఎంతుంటది."

ఎంతుంటుందో చేతులతో చూపించి, వీధి చివరిదాకా ఒకసారి చూసుకున్నాను.

"అయితె ఇద్దరు సాలరు" అని, పక్కింటి ఇద్దరు నేతకత్తెలను కేకేసి, వాళ్లతో పాటు తానూ వెనక సీట్లో ఇరుక్కుంది. కారు వెనక భాగం దిగింది. ముందు భాగం లేచింది. గోడ మీద వెలుతురు దారాన్ని దాటి జానెడు పైకి పోయింది. సరిగ్గా ఎదురువాడి కళ్ల ఎత్తుకు. తర్వాత పుస్తకంలో వెతికితే ఆ ముక్క ఉంది. చదవని పేజీ కాదు, చదివి దాటేసిన పేజీ. లోపల ముగ్గురూ కూర్చుని ఉండగానే మరలు మళ్లీ తిప్పి వెలుతురును దారం కిందికి దించాను. "ఎక్కినంక ఉట్టిగ దిగుడేంది, ఒక్క రౌండు తిప్పు" అన్నారు వాళ్లు. తిప్పాను. తప్పలేదు.

శుక్రవారం పరకాల నుంచి తిరుగుదారిలో బస్సు ఎదురైంది. అదే బస్సో, ఇంకొకటో తెలియదు. బస్సు వచ్చింది, పక్కనుంచి పోయింది. ఒక్క మాట వినిపించలేదు. జీవితంలో ఏమీ వినిపించకపోవడం అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కాసేపటికి వెనక నుంచి డాక్టరమ్మ, "సీటు నిండా ఈ దూది ఎక్కడిది" అంది.

అబద్ధం చెప్పవలసింది. చెప్పలేకపోయాను. "ముగ్గురు నేతకత్తెలు కూసున్నరమ్మా. లైట్లు సర్దేటప్పుడు, మీ బరువుకు."

నర్సు కిటికీలో నుంచి చీకట్లోకి చాలా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టింది.

"ముగ్గురా" అంది డాక్టరమ్మ.

"ఇద్దరు సాలుతరనుకున్ననమ్మా. నర్సమ్మే ముగ్గురన్నది."

హనుమకొండ దాకా మిర్చి బస్తాలను తలుచుకుంటూనే నడిపాను. డాక్టరమ్మ ఇంటి ముందు దిగి, తలుపు వేసి, వంగి నన్ను చూసింది. "ఆ నర్సమ్మను ఒకరోజు దవాఖానకు తీసుకురా. చూడకుండానే నా బరువు చెప్పిందిగా, ఆమె బరువు నేను చూస్తాను. రేపు పొద్దున ఎనిమిదింటికి రా, ఆలస్యం చేయకు." ఎనిమిది ఎప్పుడూ వచ్చే సమయమే. ఉద్యోగం ఉంది.

నర్సమ్మ దవాఖానకు వచ్చింది, తూగింది, నలభై కిలోలు కూడా లేదు. డాక్టరమ్మ తిట్టి టానిక్కు రాసింది. ఆ టానిక్కు ఆమె తాగలేదని నాకు తెలుసు, సీసా మాత్రం నూనె పోసుకోవడానికి ఉంచుకుంది. ఎనభైల్లో నేను సొంతంగా పాత కారొకటి కొని బాడుగకు తిప్పాను. ఎప్పుడు బల్బు మార్చినా అదే గోడ, అవే మేకులు. అప్పటికి ఆమె కళ్లకు పొర వచ్చి దారం కనిపించేది కాదు. అయినా వచ్చి గోడకు ఆనుకుని దీపాలకు ఎదురుగా కూర్చునేది. "నా మొకాన ఎలుగు పడ్తలేదు, సక్కగున్నది" అంటేనే నేను మర వదిలేవాణ్ణి. ఆమె పోయాక గోడ కూల్చారు. మేస్త్రీని అడిగి ఆ రెండు మేకులూ తెచ్చుకున్నాను. నిఘంటువు ఉన్న డబ్బాలోనే ఉన్నాయి.

మొన్నటి కుర్రవాణ్ణి నేను వదల్లేదు. వెనక ఏముందని అడిగాను. ఊరి నుంచి తెచ్చిన మూడు బియ్యం బస్తాలు అన్నాడు. కారు దిగమన్నాను. నేను నిలబడ్డ చోట నిలబడమన్నాను. "ఏంది తాతా నీ లొల్లి" అని గొణుక్కుంటూ వచ్చి నిలబడ్డాడు. వెంటనే చేయి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఆ చోట మళ్లీ నేను నిలబడ్డాను. అతను కారులోకి వంగి స్టీరింగు పక్కన వెతికితే, దీపాలు దించే చిన్న చక్రం దొరికింది. దాన్ని అప్పటిదాకా ముట్టలేదట. తిప్పాడు. వెలుతురు నా కళ్లను వదిలి, ఛాతీ మీదుగా దిగి, చెప్పుల దగ్గర పగిలి ఉన్న పాలపాకెట్ మీద ఆగింది.

"ఇంక దించాల్నా తాతా" అన్నాడు.

"వెంట్రుకంత" అన్నాను.